పట్టపగలు పెట్రోమాక్సు

సవుకుదిబ్బ మీద మేం కాలు పెట్టింది డిసెంబరు మొదటి వారంలో, ఉదయం తొమ్మిది దాటాక. ఆకాశం బూడిద రంగులో ఉంది. గాలి ఈశాన్యం నుంచి వీస్తోంది. పన్నెండు మంది జవాన్లం, రెండు మోటారు బోట్లు, ఒక రేడియో సెట్టు, మూడు టెంట్లు, మందుల పెట్టె, రేషను. బోట్లు ఒడ్డుకు ఇంకా చాలా దూరం ఉండగానే బురదలో దిగబడ్డాయి. పులికాట్ సరస్సు చూడ్డానికి సముద్రమంత ఉంటుంది గానీ లోతు చాలా చోట్ల నడుము దాకానే. మోటారు రెక్కలకు తెగిన వలలు చుట్టుకున్నాయి. దిబ్బ మీది జాలర్లు చూసి చూసి, చివరికి తమ పడవల్లో వచ్చి, పొడుగాటి గెడ కర్రలు వేసి, మమ్మల్నీ మా మోటార్లనూ ఒడ్డుకు లాగారు. తుఫాను బాధితులను కాపాడ్డానికి పోయిన పటాలాన్ని తుఫాను బాధితులే కాపాడారన్న మాట. ఆ తర్వాత ఆ ఊళ్ళో మా మాటకు ఎంత విలువ ఉండేదో వేరే చెప్పక్కర్లేదు.

ఇది తొంభైల నాటి సంగతి. మాది ఇంజనీర్ల యూనిట్. నేను అప్పటికి నాయక్‌ని. మా ఊరు పూతలపట్టు పక్కన. పటాలంలో ఆ పేరు ఎవడికి తెలుసు? చిత్తూరు జిల్లా వాడు ఎవడైనా వాళ్ళకు తిరుపతి వాడే. అట్లా నా పేరే 'తిరుపతి' అయిపోయింది. లీవు నుంచి లడ్డూ లేకుండా వస్తే గార్డు రూము దగ్గరే నిలదీసేవాళ్ళు.

మా దళంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా పెద్ద సుబేదార్, సర్దార్జీ. వయసు యాభైకి ఇంకా చేరలేదు, గడ్డం మాత్రం ముందే తెల్లబడింది. డ్యూటీలో దాన్ని వల వేసి బిగించి కట్టుకునేవాడు. రేడియో ఆపరేటర్ మరాఠీవాడు. అడిగినదానికి తప్ప నోరు విప్పడు. ఊరివాళ్ళు ఏమన్నా నేనే హిందీలో చెప్పాలి, సుబేదార్ ఏమన్నా నేనే తెలుగులో చెప్పాలి. తిట్లు మధ్యలో నేనే మింగేసేవాణ్ణి.

ఇంకో బాధ కూడా ఉంది. ఒడ్డుకు పోయి సూళ్ళూరుపేటలో బస్సెక్కితే సాయంత్రానికి మా అమ్మ చేతి సంగటి తినొచ్చు. కాశ్మీరులో ఉన్నప్పుడు కూడా ఇల్లు అంత గుర్తు రాలేదు. ఒక్క పూట పోయొస్తానని అడిగితే, తిరుపతీ, డ్యూటీ మీద ఉన్నవాడికి ఇల్లు ఎంత దూరమైనా ఒకటే అన్నాడు సుబేదార్. ఆ మాటతో సరిపెట్టుకున్నాను.

దిబ్బ మీద అరవై ఇళ్ళు ఉన్నాయి. అందరిదీ చేపలు, రొయ్యల పనే. అందరిదీ ఒకటే చర్చి. నవంబరులో వచ్చిన తుఫానుకు చర్చి రేకులు సగం ఎగిరిపోయాయి. మేం చేసిన మొదటి పని వాటి స్థానంలో టార్పాలిన్ బిగించడం. తర్వాత బావిలో మందు వేశాం, బడి గోడకు ఊతం పెట్టాం, మంచి నీళ్ళ డ్రమ్ములు తెచ్చాం. పొద్దున ఆరుకు లేవడం, సాయంత్రం ఆరుకు రేడియోలో హాజరు చెప్పడం. బట్టలు ఏనాడూ ఆరలేదు. బూట్లలో ఉప్పు తెల్లగా పేరుకునేది.

డిసెంబరులో క్రైస్తవుల పేటలు ఎట్లా ఉంటాయో నాకు తెలుసు. చిత్తూరు నుంచి మా ఊరికి వచ్చే దోవ పొడుగునా ఇంటింటి మీదా కాగితపు నక్షత్రాలు ఊగుతుంటాయి. ఇక్కడ ఒక్కటీ లేదు. నక్షత్రాలు కట్టాల్సిన సవుకు కర్రలు గోడలకు ఆనించి ఊరికే నిలబడి ఉన్నాయి. ఎందుకని అడిగితే మగవాళ్ళు మాట మార్చేవాళ్ళు. చెప్పింది సలోమి.

సలోమి ఊరి పెద్ద యాకోబు కోడలు. చంకలో ఏడాది నిండని ఆడబిడ్డ. మా డ్రమ్ము దగ్గరికి నీళ్ళకు వచ్చినప్పుడు విషయం చెప్పింది. ఈ దిబ్బ మీద మొదటి నక్షత్రం యాకోబు ఇంటి మీద లేవాలి, ఆ తర్వాతే మిగిలినవాళ్ళది. క్రిస్మస్ తాత వేషం కూడా ఏటేటా ఆయనదే. నవంబరు తుఫానుకు ముందు రోజు ఆయన కొడుకు, అంటే సలోమి పెనిమిటి, సరస్సు ముఖద్వారం దాటి సముద్రం మీదికి పోయాడు. పడవ తిరిగి రాలేదు. మనిషీ రాలేదు. అప్పటి నుంచి ముసలాయన పండగ మాట ఎత్తనివ్వడం లేదు. కొడుకు లేకుండా పండగ చేసుకుంటే కొడుకు లేడని ఒప్పుకున్నట్టే అని ఆయన లెక్క.

"పొద్దు గూకితే లాంతరు తీసుకోని గట్టు మింద కూసుంటాడు సారూ," అంది సలోమి. "ఆయప్ప వచ్చేటప్పుడు దోవ కనపడాలంట. నేనేం చెప్పేది?"

చూశాను ఆయన్ని. సన్నటి మనిషి, నల్లటి మనిషి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చునేవాడు. పలకరిస్తే బదులిచ్చేవాడు, అంతే. సుబేదార్ రోజూ సాయంత్రం ఆయనకు మగ్గు నిండా టీ పంపేవాడు. ఎందుకు సార్ అంటే, సెంట్రీకి టీ ఇవ్వాలి కదా అన్నాడు. పోస్టు మీద ఉన్నవాణ్ణి చూస్తే ఆయనకు తెలిసిపోతుంది.

పండక్కి మూడు రోజులుందనగా, ఉదయం ఏడు గంటలకు మెయిన్ క్యాంపు నుంచి రేడియో మోగింది.

"దిబ్బ, ఇది మెయిన్. వాయుగుండం తుఫానుగా మారింది. రాత్రికి మీ మీదికి వస్తుంది. సాయంత్రం నాలుగుకల్లా దిబ్బ ఖాళీ కావాలి. ఒక్కరూ మిగలకూడదు. ఓవర్."

ఆపరేటర్ రాసుకున్నాడు. చదివి వినిపించాడు. అరవై ఇళ్ళు, ముసలీ ముతకా, పసిపిల్లలు. గెడ పడవల్లో ఒడ్డుకు గంటన్నర. గాలి ముదిరితే ఆ నీళ్ళ మీద గెడ నిలవదు.

ఊరినంతా చర్చి ముందుకు పిలిచాం. సుబేదార్ చెప్పినదంతా నేను తెలుగులో చెప్పాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ కదల్లేదు. అందరూ యాకోబు వైపు చూశారు. ఆయన నిదానంగా లేచి, మీరంతా పోండి, నేను ఎవుర్నీ ఆపలేదు, నేను మాత్రం రాను అన్నాడు. అని మళ్ళీ కూర్చున్నాడు. ఆయన కూర్చోగానే ఊరంతా కూర్చుంది.

తర్వాత ఒక్కొక్కరూ సాకులు మొదలెట్టారు. పోయినసారి ఒడ్డుకు పోతే వలలు పోయినాయని ఒకరు. ఇంకో పెద్దమనిషి సరస్సు వైపు చెయ్యి చూపించి, ఆ రాజహంసలు నింపాదిగా మేస్తా ఉండాయి, తుఫానొచ్చేదైతే అవి ఉంటాయా అని అడిగాడు. ఏమంటున్నాడని సుబేదార్ నన్నడిగాడు. పక్షులను సంప్రదిస్తున్నారు సార్ అన్నాను. ఆయన పక్షులను ఒకసారి, ఆ మనిషిని ఒకసారి చూశాడు.

బలవంతం చేద్దామంటే మేం పన్నెండు మందిమి. పడవలు వాళ్ళవి, గెడలు వాళ్ళవి, నీళ్ళలో దోవ తెలిసిందీ వాళ్ళకే. మా దగ్గర ఉన్నది ఆర్డరు ఒక్కటే. ఎనిమిదిన్నర అయింది, తొమ్మిదయింది. ఒడ్డున సవుకు తోపు ఊగడం మొదలైంది. నేను టెంటు చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

అప్పుడు సలోమి బిడ్డను చంకనేసుకుని టెంటు దగ్గరికి వచ్చింది. మామ రాకుంటే ఈ ఊరు కదలదు, ఊరు కదలకుంటే నా బిడ్డ గతేంది అని అడిగింది. దోవ కూడా తనే చెప్పింది. ఈ ఊరు దేని వెనకాలైనా నడిచేదంటే అది కేరల్స్ దీపం వెనకాలే. పండగ ముందు రాత్రి పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. గడప ముందు నిలబడి ఊరి పెద్ద, దేవుని బిడ్డ గురించి, "పుట్టినాడా?" అని అడుగుతాడు. లోపలి వాళ్ళు "పుట్టినాడు" అని చెప్పి తలుపు తీస్తారు. తీసిన వాళ్ళు మళ్ళీ లోపలికి పోకూడదు. దీపం వెనకాల నడవాలి. ఆఖరి ఇల్లు అయ్యేదాకా దీపం కింద పెట్టకూడదు, ఎవరూ వెనక్కి పోకూడదు.

నేను హిందీలో చెప్పాను. సుబేదార్ మధ్యలోనే చెయ్యెత్తాడు.

"అయితే ఇవాళే క్రిస్మస్," అన్నాడు. "ఆఖరి ఇంటి నుంచి నేరుగా పడవల్లోకి. తిరుపతీ, ఏర్పాట్లు చూడు."

ఆపరేటర్ పద్ధతి తప్పని మనిషి. పై వాళ్ళకు తెలియజేయాలి కదా అని సెట్టు తీశాడు.

"మెయిన్, ఇది దిబ్బ. ఇవాళ క్రిస్మస్ జరుపుతున్నాం. జరిపి బయలుదేరతాం. ఓవర్."

"దిబ్బ, మళ్ళీ చెప్పు."

"క్రిస్మస్. ఇవాళ. ఓవర్."

సెట్టు గరగరలాడింది.

"ఇది ఎవరి ఆర్డరు? ఓవర్."

ఆపరేటర్ సుబేదార్ వైపు చూశాడు. సుబేదార్ వేలు ఆకాశం వైపు చూపించాడు.

"పై నుంచి వచ్చింది. ఓవర్."

"రోజర్," అన్నారు అటు నుంచి. పై నుంచి వచ్చిందంటే పటాలంలో ఇంకెవడూ అడగడు.

వేషానికి వెదుక్కోవాల్సిన పని లేకపోయింది. మందుల పెట్టెలో ఆస్పత్రి వాళ్ళ ఎర్ర కంబళి ఉంది. గడ్డం సుబేదార్ ముఖాన్నే ఉంది. వల విప్పి, దువ్వి, రొమ్ము మీద పరిచాడు. తలపాగా తియ్యనన్నాడు, దాని మీదే ఎర్ర గుడ్డ చుట్టాం. పంచడానికి రేషనులో శక్కర్‌పారాలు ఉన్నాయి. బెల్లం గవ్వల్లాంటివే, పళ్ళు గట్టివైతేనే తినగలం. డప్పు లేదు. నీళ్ళ క్యాను బోర్లించి ఒక జవాను మెళ్ళో వేసుకున్నాడు. నేను పోదామంటే సలోమి అడ్డం నిలబడింది. చర్చిలోని పెట్రోమాక్సు తెచ్చి వెలిగించమంది. పది గంటల పగలు, లైటెందుకమ్మా అన్నాను.

"దీపం లేకుండా కేరల్స్ యాడైనా ఉండాయా సారూ?"

ఆపరేటర్ కూర్చుని పంపు కొట్టాడు. మ్యాంటిల్ బుస్సుమని అంటుకుంది. ఆ మబ్బు వెలుతుర్లో అది వెలుగుతున్నదీ లేనిదీ దగ్గరికి పోతే గానీ తెలియదు.

మాకు దగ్గరగా ఉన్న ఇంటి నుంచి మొదలెట్టాం. అది ఊరి నడిమధ్యలో ఉందన్న సంగతి మేం పట్టించుకోలేదు. ముందు దీపం, వెనక క్యాను, మధ్యలో సర్దార్జీ. క్రిస్మస్ తాత ఆడాలని ఎవరో చెప్పారట. ఆయనకు వచ్చిన ఆట ఒకటే. రెండు చేతులూ పైకెత్తి, భుజాలు ఎగరేస్తూ, ఒంటికాలి మీద గెంతుతూ మొదలుపెట్టాడు. కంబళి జారుతోంది. పిల్లలు ముందు జడుసుకుని తల్లుల వెనక దూరారు. పాటలు మాకెవరికీ రావు. సలోమి ఒక్కతే సన్నగా ఎత్తుకుంటే, ఆ వెనక జవాన్లు ఏ భాషలో నోటికొస్తే ఆ భాషలో మూలిగారు. పిలుపు పిలవాల్సింది నేను. మొదటి రెండు ఇళ్ళ దగ్గరా ఎట్లాగో పిలిచాను. తలుపులు సగం తెరిచి మమ్మల్ని వింతగా చూశారు. ఎవరూ బయటికి రాలేదు.

మూడో ఇంటి దగ్గర నా బుద్ధి జారింది. దానికి కారణం ఉంది. మా ఊళ్ళో ధనుర్మాసంలో తెల్లారుజామున భజన గుంపు వీధులు తిరుగుతుంది. నిక్కరు వయసు నుంచి పటాలంలో చేరేదాకా నేను ఆ గుంపులో ఉన్నవాణ్ణే. ఇదీ అదే నెల. అదే చలిగాలి, ముందు దీపం, వెనక వాయింపు, ఎదురుగా మూసిన తలుపు. ఇవన్నీ ఒకచోట కూడితే నా గొంతుకు తెలిసిన మాట ఒకటే. ఊపిరి పీల్చి, "గోవిందా" అని ఎత్తుకున్నాను.

లోపలి నుంచి ఒక ముసలమ్మ, అంతే గట్టిగా, "గోవింద" అంది.

తిరుపతి బస్సులు తిరిగే నేల మీద పుట్టిన నోరు అది. బదులు దానంతటదే వచ్చేసింది. తలుపు తీసింది, నన్ను చూసింది, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరాయివాళ్ళ పండగలో ఇంత పని చేశాను, ఇక వీళ్ళు పడవ ఎక్కడం కూడానా అనుకున్నాను. అప్పుడు ముసలమ్మ పమిట నోట్లో కుక్కుకుని ఊగిపోవడం కనిపించింది. ఆమె నవ్వుతోంది. పక్కిల్లు నవ్వింది, ఎదురిల్లు నవ్వింది. నవంబరు నుంచి నవ్వు మరిచిన ఊరు అరుగుల మీదికి వచ్చి మరీ నవ్వింది.

ఆ గోలకు యాకోబు గట్టు మీద నుంచి లేచి వచ్చాడు. గుంపు రెండుగా చీలింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఇవి కేరల్సా?" అన్నాడు. "చర్చి కాడ మొదలుపెట్టకుండా నడిమిట్లో దూరినారు. అది డప్పా, డబ్బానా? ఆయన తాతనా, పెండ్లికొడుకా?" సుబేదార్ దగ్గరికి పోయి గడ్డం కేసి చూశాడు. "గడ్డం మాత్రం బాగుండాది," అన్నాడు. తర్వాత ఆపరేటర్ చేతిలోంచి పెట్రోమాక్సు లాక్కున్నాడు. "ఇట్ల కాదప్పా. మల్లా చర్చి కాడ్నించి."

ఏమంటున్నాడని సుబేదార్ అడిగాడు. మొదటి నుంచి మళ్ళీ చెయ్యాలంటున్నాడు సార్ అన్నాను. గడియారం చూసుకున్నాం ఇద్దరం. పదకొండు దాటింది. గాలిలో సన్న తుంపర. మళ్ళీ మొదలంటే అరవై ఇళ్ళూ మిగిలినట్టే. సుబేదార్ ఒక్క క్షణం ఆలోచించి, కమాండ్ ఆయనదే, మనం వెనకాల నడుద్దాం అన్నాడు.

అప్పుడు చూడాలి ఆ ఊరిని. ఎక్కడి నుంచి వచ్చాయో గానీ రెండు నిజం డప్పులు వచ్చాయి. యాకోబు దీపం ఎత్తిపట్టుకుని చర్చి గుమ్మంలో పాట అందుకున్నాడు. ఆ సన్నటి మనిషిలో అంత గొంతు ఉందని నేను అనుకోలేదు. తాత వేషం వేసుకోండి మామా అని ఎవరో అంటే, తాత ఉండాడు గదా, నాకు దీపం చాలు అన్నాడు. సర్దార్జీకి రెండు అడుగులు నేర్పించాడు కూడా. సర్దార్జీ నేర్చుకోలేదు. ఆయన ఆట ఆయనదే.

తూర్పు వరస ముందు, తర్వాత పడమర. ఒక్కొక్క గడప ముందూ "పుట్టినాడా?" లోపలి నుంచి "పుట్టినాడు." తలుపు తెరుచుకునేది. మూటలు, కోళ్ళ గంపలు, వలలు, బైబిళ్ళు, బిందెలు చేతబట్టి మనుషులు బయటికి వచ్చి మా వెనక చేరేవాళ్ళు. నేను చివర నిలబడి ఎవరూ వెనకబడకుండా చూస్తున్నాను. పాట ఒక్క చరణం తగ్గిస్తే బాగుండునని ప్రతి ఇంటి దగ్గరా దండం పెట్టుకున్నాను. యాకోబు ఒక్కటీ తగ్గించలేదు. సరస్సు రంగు మారింది. నేను మళ్ళీ చూసేసరికి రాజహంసలు లేవు. ఎప్పుడు పోయాయో ఎవరూ చూడలేదు. పక్షుల సంగతి చెప్పిన పెద్దమనిషి నా కంట పడకుండా మూట మోసుకుంటున్నాడు.

ఆఖరి ఇల్లు యాకోబుదే. ఎప్పుడూ అదే ఆఖరట. రెండు కావస్తోంది. ఆయన సొంత గడప ముందు నిలబడి పాడాడు. లోపల ఎవరూ లేరు. పిలుపు పిలవలేదు. దీపాన్ని అరుగు మీద దించాడు. దాని పక్కనే ఆయన రోజూ గట్టుకు తీసుకుపోయే లాంతరు వెలుగుతోంది. ఆ రెండింటి మధ్య కూర్చుని మోకాళ్ళ మీద గడ్డం ఆనించాడు.

"అయిపాయ. ఇంక పోండి," అన్నాడు. "నేను నా ఇంటి కాడికి వచ్చేసినాను."

దీపం దిగింది కాబట్టి ఊరు ఆగిపోయింది. అంతమంది మూటలు పట్టుకుని వానలో నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ బతిమాలలేదు. సలోమి బిడ్డ తల మీద కొంగు కప్పి నేల చూస్తోంది. రెండు గంటలు మిగిలాయి, గంటన్నర దూరం ఉంది. సుబేదార్ నా వైపు చూశాడు. ఆయన కంబళి తడిసి ఎర్ర రంగు నీళ్ళు కారుతున్నాయి. ఏదో ఒకటి చెప్పు తిరుపతీ అన్నాడు మెల్లిగా.

నాకు తెలివితేటలు ఉండి అన్న మాట కాదది. భయంతో అన్నాను. ఆయన పక్కన గొంతుక్కూర్చుని అన్నాను.

"పెద్దాయనా, ఇంకో ఇల్లు ఉండాది గదా."

"యాడ?"

"మీ అబ్బాయి ఈ ఇంట్లో లేడు. నీళ్ళ మింద ఉండాడు. ఆ గడప కాడికి పోకుండానే దీపం దించేస్తే ఎట్ల?"

ఆయన నన్ను చూశాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనిపించింది. తర్వాత తల తిప్పి సరస్సు వైపు చూశాడు. సలోమి బిడ్డను చంకనేసుకుని రేవు వైపు నడిచింది, వెనక్కి చూడలేదు. యాకోబు ముందు లాంతరు ఆర్పాడు. పెట్రోమాక్సుకు నాలుగు సార్లు పంపు కొట్టాడు. ఎత్తుకుని కోడలి వెనక నడిచాడు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

మొదటి పడవలో ఆయన, సలోమి, నేను. వెనక ఊరి పడవలన్నీ. వాటి వెనక మా రెండు బోట్లు, మోటార్లు పైకెత్తి, గెడల మీద. కేరళ నుంచి కాశ్మీరు దాకా ఎన్నో కాన్వాయ్‌లు చూశాను, ఇట్లాంటిది చూడలేదు. వాన దీపం మీద పడకుండా నేను నా గ్రౌండ్‌షీట్ పట్టుకున్నాను. పడవలు పక్కకు తోసుకుపోతున్నాయి. గెడ వేసేవాళ్ళ మెడ నరాలు ఉబ్బిపోయాయి. ఆడవాళ్ళు మాత్రం పాట ఆపలేదు.

సరస్సు నడిమధ్యలో, ముఖద్వారం వైపు కనుచూపు సాగేచోట, యాకోబు చెయ్యెత్తాడు. గెడలు ఆగాయి. ఒక్కొక్క పడవలోనూ పాట ఆగింది. నాకు అరవాలనిపించింది, ఇప్పుడెందుకయ్యా ఆపడం అని. అరవలేదు. ఆయన పడవ ముక్కు మీద నిలబడి, దీపం తలకంటే పైకెత్తి, సముద్రం వైపు పిలిచాడు.

"పుట్టినాడా?"

గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆయన చెవి ఒగ్గి విన్నాడు. ఇంకోసారి పిలిచాడు. మళ్ళీ విన్నాడు. అప్పుడు పడవ అడుగున కూర్చున్న సలోమి, తల ఎత్తకుండానే, "పుట్టినాడు" అంది. ఆ వెంటనే అన్ని పడవలూ అన్నాయి. యాకోబు చెయ్యి దించాడు. గెడలు పడ్డాయి.

నాలుగు కొట్టడానికి కాస్త ముందు ఒడ్డు చేరాం. తలలు లెక్కపెట్టుకుని ఆపరేటర్ సెట్టు తీసి, దిబ్బ ఖాళీ, అందరూ క్షేమం అన్నాడు. అటు నుంచి అధికారి హ్యాపీ క్రిస్మస్ అన్నాడట.

ఆ రాత్రి తుఫాను దిబ్బ మీదుగానే పోయింది. తెల్లారి మేం పోయి చూస్తే పడమర వరసలో నిలబడ్డ ఇల్లు లేదు. మేం కట్టిన టార్పాలిన్ జాడ లేదు. ఊరిజనం ఒడ్డున బడిలో పండగ మళ్ళీ చేసుకున్నారు, తారీకు ప్రకారం. ఒకే ఏడు రెండుసార్లు క్రిస్మస్ చేసుకున్నందుకు ఏమీ కాదు కదా అని ఆపరేటర్ నన్ను గుట్టుగా అడిగాడు. జనవరిలో మా దళాన్ని వెనక్కి పిలిచారు. బయలుదేరే రోజు యాకోబు సుబేదార్‌కు ఎండుచేపల మూట ఇచ్చాడు. సర్దార్జీ దాన్ని రైల్లో మా అందరికీ దూరంగా కూర్చుని మోశాడు, పారేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. రైలెక్కే ముందు ఒక్క రోజు సెలవు దొరికితే నేను ఇంటికి పోయి ఒక పూట సంగటి తిన్నాను. మా నాయన తుఫాను గురించి అడిగాడు. చెప్పాలని మొదలుపెట్టి, గోవిందా దగ్గరికి వచ్చి నవ్వాను, నీళ్ళ దగ్గరికి వచ్చి ఆపేశాను.

మరుసటి డిసెంబరులో లీవు మీద వచ్చినప్పుడు సవుకుదిబ్బకు పోయాను. ఇళ్ళు మళ్ళీ లేచాయి. ఇంటింటి మీదా నక్షత్రాలు. యాకోబు కొడుకు రాలేదు, కబురూ రాలేదు. నేను అడగకుండానే సలోమి చెప్పింది. బిడ్డ నడుస్తోంది.

కేరల్స్ రాత్రికి కదా అన్నాను. ఇప్పుడు పగలే తిరుగుతా ఉండాం సారూ అంది. పది గంటలకు చర్చి దగ్గర పెట్రోమాక్సు వెలిగించారు. తాత వేషం వేసినవాడు ఎర్ర తలపాగా చుట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, ఒంటికాలి మీద గెంతుతున్నాడు. అదే అసలు పద్ధతి అన్నట్టు పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఊరి మధ్య ముసలమ్మ ఇంటి ముందు ఆగారు. గుంపు మొత్తం "గోవిందా" అంది. లోపలి నుంచి "గోవింద" వచ్చింది. అందరూ నవ్వి, ఆ తర్వాత అసలు పిలుపు పిలిచారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను. యాకోబు నా భుజం మీద చెయ్యి వేసి, సర్దారు రాలేదా అని అడిగాడు.

ఆయన ఇంటి దగ్గర దీపం దించలేదు. అక్కడి నుంచి నేరుగా రేవుకు, పడవల్లోకి. ఆ రోజు ఎండ కాస్తోంది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. రాజహంసలు దూరంగా మేస్తున్నాయి. సరస్సు మధ్యలో గెడలు ఆగాయి. యాకోబు పడవ ముక్కు మీద నిలబడి దీపం ఎత్తాడు. అంత ఎండలో దాని వెలుగు ఎవరికీ కనిపించదు, బుస్సుమనే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"పుట్టినాడా?"

ఎవరూ పలకలేదు. సలోమి కూడా పలకలేదు. ఆయన చెవి ఒగ్గి నిలబడ్డాడు. తర్వాత మెల్లిగా నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పప్పా," అన్నాడు. "నువ్వు చూపించిన ఇల్లే గదా."

నేను చెప్పాను. పటాలంలో పదిహేడేళ్ళు చేశాను, మంచు చూశాను, కాల్పులు చూశాను. వాటిలో చాలా మరిచిపోయాను. ఇప్పుడు తిరుపతిలో ఒక లాడ్జి దగ్గర సెక్యూరిటీ చేస్తున్నాను. మధ్యాహ్నం ఎండలో గేటు దగ్గర కూర్చుని కళ్ళు మూసుకుంటే ఆయనే కనిపిస్తాడు. చెయ్యి నొప్పి పుడుతున్నా దించకుండా, ఎండలో దీపం ఎత్తిపట్టుకుని, జవాబు కోసం ఆగి ఉంటాడు.